పిలుపు ఖరీదు

ఉద్యోగ ప్రకటనల్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: ఇంటర్వ్యూకు హాజరయ్యే అభ్యర్థులకు టీఏ, డీఏ చెల్లించబడవు. అర్హతలు, వయోపరిమితి, జీతం, దరఖాస్తు గడువు అన్నీ చెప్పడం అయ్యాక ఆఖర్న, చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చదివి ఎవరూ నొచ్చుకోరు. లోకరీతి అనుకుని ముందుకు వెళ్లిపోతారు. నాకు మాత్రం ఏళ్ల తరబడి ఆ వాక్యం దగ్గర చూపు ఆగిపోతోంది. పని ఇచ్చేవాడికీ పని అడిగేవాడికీ మధ్య జరిగే మొట్టమొదటి లావాదేవీ అది. ఇంకా ఒక్క రూపాయి సంపాదించని మనిషి, సంపాదన ఉన్న సంస్థ అవసరం కోసం తన డబ్బుతో బయల్దేరాలని అందులో రాసి ఉంది.

సంస్థ అవసరం అని తెలిసే అంటున్నాను. ఖాళీ ఉన్నది వాళ్ల దగ్గర. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాలన్న పట్టుదల వాళ్లది. ఏ రోజు, ఏ వేళ, ఏ ఊరు అన్నది వాళ్లే నిర్ణయిస్తారు. అభ్యర్థి చేతిలో ఉన్నది రావడమా మానడమా అన్నది ఒక్కటే. ఉద్యోగం కావాల్సింది అతనికి కదా అంటారు. నిజమే, అతనికీ కావాలి. ఇద్దరికీ కావాల్సిన పనిలో ఖర్చు మొత్తం ఒక్కడే, అదీ లేనివాడే ఎందుకు మోయాలన్నది నా ప్రశ్న.

ఆ ఖర్చు ఎంతో, ఎలా వస్తుందో కాస్త నెమ్మదిగా చూద్దాం. పలాసలో ఉండే కుర్రాడికి హైదరాబాదు రమ్మని మెయిల్ వస్తుంది. ఇంటర్వ్యూ మూడు రోజుల్లో. మామూలు రిజర్వేషన్ ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. స్లీపర్ తత్కాల్ బయల్దేరే ముందురోజు పదకొండింటికి తెరుచుకుంటుంది, చూస్తుండగానే వెయిటింగ్ లిస్టులోకి వెళ్లిపోతుంది. దొరికితే మామూలు ఛార్జీ మీద అదనంగా కట్టాలి. దొరక్కపోతే ఫలక్‌నుమా జనరల్ బోగీలో తలుపు పక్కన రాత్రంతా నిలబడాలి. అదీ వద్దనుకుంటే ప్రైవేటు ట్రావెల్స్ బస్సు ఉంది. సంక్రాంతి ముందూ వెనకా అయితే ఆ టికెట్ ధర అడగడానికే భయం. తత్కాల్‌లో ఖాయమైన టికెట్ మనం రద్దు చేసుకుంటే రైల్వే డబ్బు తిరిగి ఇవ్వదు. ఇంటర్వ్యూ వచ్చే వారానికి మార్చామని సాయంత్రం ఫోను వస్తే ఆ డబ్బు పోయినట్టే. అలా ఫోను చేసేవాళ్లకు ఈ సంగతి తట్టదు. వాళ్లకు అది క్యాలెండర్‌లో ఒక గడి జరపడం.

రైలు దిగాక స్టేషన్ నుంచి గచ్చిబౌలికో హైటెక్ సిటీకో వెళ్లాలి. స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి అమీర్‌పేటలోనో ఎస్సార్ నగర్‌లోనో హాస్టల్లో ఉండే స్నేహితుడు ఉంటే అదృష్టం, లేకపోతే లాడ్జి. ఇస్త్రీ చొక్కా, బూట్లు, ఒరిజినల్స్ పెట్టుకునే ఫైలు, రెండు సెట్ల జిరాక్సులు. మధ్యాహ్నం దాటినా పేరు పిలవకపోతే అక్కడే ఏదో తినాలి. రాత్రి రైలు అందకపోతే ఇంకో పూట. నెలజీతం అందుకునేవాళ్లకు వీటిలో ఏదీ లెక్కలోది కాదు. ఆ ఇంట్లో మాత్రం ఆ డబ్బు తల్లి పొదుపు సంఘంలో తీసుకున్న అప్పులోంచో, తండ్రి తెచ్చిన చేబదులులోంచో వస్తుంది. ఒక్కసారి అయితే ఎలాగో సర్దుకుంటారు. కానీ ఉద్యోగం ఒక్క ఇంటర్వ్యూతో రాదు. రెండోసారి, మూడోసారి అడగడానికి ఆ కుర్రాడికి నోరు రాదు.

ఆడపిల్లయితే ఖర్చు రెట్టింపు. రాత్రి ప్రయాణం కాబట్టి తండ్రో అన్నో తోడు వస్తారు. వాళ్ల టికెట్, వాళ్ల తిండి, ఆ రెండు రోజులు పోయిన వాళ్ల కూలీ. ఇంటర్వ్యూ ఆఫీసుల బయట చెట్టు కింద, గేటు పక్కన, సెక్యూరిటీ గది అరుగు మీద కూర్చుని ఉండే తండ్రులను నేను చాలామందిని చూశాను. చేతిలో నీళ్ల సీసా, ఒళ్లో కూతురి బ్యాగు. వాళ్లను లోపల కూర్చోమని అనేవాళ్లు తక్కువ. చూపు లేని అభ్యర్థికీ, చక్రాల కుర్చీలో వచ్చే అభ్యర్థికీ తోడు మనిషి అనేది ఐచ్ఛికం కాదు. అంటే అవకాశం ఎవరికి తక్కువో వాళ్లకే దారి ఎక్కువ ఖరీదు.

వచ్చినవాళ్ల మాట ఇది. రానివాళ్ల సంగతి నన్ను ఇంకా ఎక్కువగా బాధిస్తుంది. కొన్నాళ్లు నేను ఒక ప్రైవేటు కళాశాల ఎంపిక కమిటీల్లో కూర్చున్నాను. ముందు పెట్టిన పేర్ల పట్టికలో సంతకాల గడి ఉంటుంది. రానివాళ్ల పేరు ఎదురుగా గైర్హాజరు అని రాసి గుమస్తా ఎర్ర గీత కొడతాడు. ఆసక్తి లేక రాలేదా, ఇంకోచోట ఉద్యోగం దొరికి రాలేదా, బస్సు డబ్బులు లేక రాలేదా అన్నది ఆ గీతకు తెలియదు. ఎవరూ ఫోను చేసి అడగరు. వాళ్ల మార్కులు, వాళ్ల చదువు, వాళ్లు ఎంత బాగా పాఠం చెప్పగలరో అన్నీ ఆ ఒక్క మాట కింద పడిపోతాయి. ప్రతిభ చూసి ఎంచుకున్నాం అని తరవాత మనం గర్వంగా చెప్పుకుంటాం. ఎంచుకున్నది మాత్రం ఛార్జీలు పెట్టుకోగలిగినవాళ్లలోంచి.

అక్కడ చూసిందే ఇంకొకటి ఉంది. నా అభిప్రాయం గట్టిపడింది దానివల్లే. ఒకటి రెండు ఖాళీలకు పాతికమందిని పిలిచేవాళ్లు. ఎందుకంత మంది అంటే, పిలిస్తే పోయేదేముంది అనేవాళ్లు. పోయేది నిజంగానే ఏమీ లేదు, పిలిచేవాళ్లకు. ఒక మెయిల్‌లో పాతిక చిరునామాలు పెట్టడమే. వాళ్లలో సగంమంది దరఖాస్తును శ్రద్ధగా చదివితే పిలవాల్సిన అవసరమే ఉండదు. కొన్నిసార్లు లోపలి మనిషికి ఉద్యోగం ముందే ఖాయమై ఉండేది, నియమం ప్రకారం ఇంటర్వ్యూ జరిపినట్టు కాగితం కావాలి కాబట్టి మిగతావాళ్లను రప్పించేవాళ్లు. అనంతపురం నుంచి, ఆదిలాబాదు నుంచి బస్సుల్లో వచ్చి అయిదు నిమిషాల డెమో క్లాసు చెప్పి వెళ్లినవాళ్ల ముఖాలు నాకు గుర్తున్నాయి. ఆ కాగితం ఖరీదు వాళ్లు కట్టారు.

పిలిచేవాళ్లు దారి ఖర్చు ఇవ్వాలని నేను కోరడానికి మొదటి కారణం జాలి కాదు. తన డబ్బు పోతుందనుకున్నప్పుడు మనిషి పిలిచే ముందు ఆలోచిస్తాడు. దరఖాస్తు పూర్తిగా చదువుతాడు. ఫోనులో పది నిమిషాలు మాట్లాడతాడు. నిజంగా ఉద్యోగం ఇవ్వదగినవాళ్లు అనుకున్న నలుగురినే రప్పిస్తాడు. వాయిదా వేసే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. ఖర్చు పిలిచేవాడిది అయిన మరుక్షణం ఆ పిలుపుకి బరువు వస్తుంది.

ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కూడా కాదు. నాట్ల రోజుల్లో పక్క ఊరినుంచి కూలీలను రప్పిస్తే ఆటో కిరాయి చాలాచోట్ల రైతే పెట్టుకుంటాడు. ఎకరానికి ఎంత, ఆటోకి ఎంత అని మేస్త్రీతో ముందే మాట్లాడుకుంటారు. మునుం పట్టాక వాన వచ్చి పని ఆగిపోయినా ఆటో డబ్బులు ఇచ్చి పంపడం మర్యాద. అప్పులతో వ్యవసాయం చేసే రైతుకు ఉన్న ఈ మర్యాద, అద్దాల మేడల్లో ఉన్న సంస్థలకు అలవడలేదంటే స్తోమత లేక అని నేను నమ్మలేను.

ప్రభుత్వానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. సివిల్స్ రాసినవాళ్లు ఆఖరి మెట్టుగా ఢిల్లీ షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్‌కు వెళ్లాలి. అక్కడికి బయటి ఊళ్లనుంచి వచ్చేవాళ్లకు యూపీఎస్సీ రానూపోనూ స్లీపర్ తరగతి ఛార్జీ మేరకు ఇస్తుంది. విమానంలో వెళ్లినా ఆ మేరకే. పైగా ఆ ఇంటర్వ్యూకు పిలిచేది ఖాళీలకు సుమారు రెండింతల మందినే. సైన్యంలో అధికారులను ఎంచుకునే సర్వీసెస్ సెలక్షన్ బోర్డుల పద్ధతి ఇంకా బాగుంటుంది. భోపాల్, బెంగళూరు, ప్రయాగ్‌రాజ్, మైసూరు, మన విశాఖపట్నం వంటి చోట్ల ఈ బోర్డులు ఉన్నాయి. ఒక రకం కమిషన్‌కు మొదటిసారి హాజరయ్యే అభ్యర్థికి ఏసీ మూడో తరగతి ఛార్జీ రానూపోనూ ఇస్తారు, అదే కమిషన్‌కు మళ్లీ వస్తే ఇవ్వరు. మొదటి అవకాశానికి డబ్బు అడ్డం కాకూడదు, ఆ తరవాతి ప్రయత్నాలు నీవి అని ఆ నియమం చెబుతోంది. నాకు అది న్యాయంగా కనిపిస్తుంది. రైల్వే నియామక పరీక్షలకు వెళ్లే ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు స్లీపర్ తరగతి ఉచిత పాసు ఉంది. తరతరాలుగా తలుపులు మూసుకున్న కొలువుల్లోకి రమ్మని పిలిచి, గుమ్మం దాకా వచ్చే దారి మాత్రం నీదే అంటే ఆ పిలుపుకు అర్థం లేదని ఆ నియమాలు రాసినవాళ్లు గ్రహించారు.

నా చిన్న అనుభవం ఒకటి చెప్పాలి. చదువు అయిపోయిన కొత్తల్లో ఒక ప్రభుత్వ రంగ సంస్థ ఇంటర్వ్యూకు వెళ్లాను. ఉద్యోగం రాదని గదిలోంచి బయటికి వచ్చేటప్పటికే తెలిసిపోయింది. వరండాలో ఒక బల్ల దగ్గర కూర్చున్న గుమస్తా టికెట్ నంబరు రాసుకుని, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుని, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. తిరుగు ప్రయాణానికి ఎన్నింటికి రైలుందో కూడా చెప్పాడు. ఇంటికి వెళ్లి మా నాన్నగారి దగ్గర తీసుకున్న డబ్బు ఆయనకు తిరిగి ఇచ్చాను. ఉద్యోగం రాలేదని చెప్పడం కష్టమే అయింది. కానీ డబ్బూ పోయింది ఉద్యోగమూ రాలేదు అని చెప్పడంతో పోలిస్తే అది వేరే మాట. ఆ సంస్థ మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది.

ఖర్చు ఇస్తామంటే ఊరు చూడటానికి వచ్చేవాళ్లు పెరుగుతారని ఒక వాదం వినిపిస్తుంది. స్లీపర్ టికెట్ డబ్బుల కోసం రెండు రాత్రులు రైల్లో గడిపి, అపరిచితుల ముందు కూర్చుని ప్రశ్నలు వేయించుకునే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఈ వాదం మీద ఎక్కువసేపు నిలబడక్కర్లేదు.

చిన్న సంస్థల మాట వేరు, దాన్ని వినాలి. మండల కేంద్రంలో బడి నడిపే మనిషి, విజయవాడలో పదిమందితో ఆఫీసు నడిపే మనిషి ప్రతి అభ్యర్థికీ ఛార్జీలు ఇవ్వలేకపోవచ్చు. కానీ వాళ్లకు వచ్చే అభ్యర్థులు ఎక్కువమంది గుంటూరు నుంచో ఏలూరు నుంచో వస్తారు, ఆ బస్సు ఛార్జీ భరించలేనంతది కాదు. దూరం నుంచి రప్పించాలంటే ముందు ఫోనులో, వీడియోలో మాట్లాడి చివరి ఇద్దరినే పిలవొచ్చు. అదీ కుదరకపోతే, మేము ఛార్జీలు ఇవ్వలేం, ఇన్నిసార్లు రావాలి, ఇంతమందిని పిలిచాం అని మాట్లాడినప్పుడే చెప్పాలి. తన డబ్బు ఏ అవకాశం మీద పెడుతున్నాడో అభ్యర్థికి తెలియాలి.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసే వాదన ఇంకొకటి. ఛార్జీలు ఇవ్వాల్సి వస్తే సంస్థలు దూరపువాళ్లను పిలవడమే మానేస్తాయి, హైదరాబాదు వాళ్లనే పిలుస్తాయి, నువ్వు ఎవరి కోసం అడుగుతున్నావో వాళ్లకే నష్టం అంటారు. ఇందులో నిజం ఉంది. వెయ్యి రూపాయల కోసం మంచి మనిషిని వదులుకునే సంస్థలు ఉంటాయి. అయితే ఈనాటి పద్ధతిలోనూ దూరపువాళ్లు వడపోతకు గురవుతూనే ఉన్నారు. కాకపోతే ఆ వడపోత వాళ్ల ఇళ్లలో జరుగుతోంది కాబట్టి సంస్థ చేతికి మట్టి అంటడం లేదు. అయినా ఈ ప్రమాదాన్ని తోసిపుచ్చలేను. అందుకే భారం మొత్తం సంస్థల మీదే వేయమని అనను. కొంత ప్రభుత్వం మోయాలి.

ప్రభుత్వం ఒకప్పుడు మోసింది కూడా. ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లే నిరుద్యోగులకు రైలు ఛార్జీల్లో రాయితీ ఉండేది. కాల్ లెటర్ చూపించి తీసుకునేవాళ్లు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు విద్యార్థులకు, కొన్ని వర్గాల దివ్యాంగులకు, రోగులకు తప్ప మిగతా రాయితీలన్నీ ఆపేశారు. వృద్ధుల రాయితీ గురించి ఆ తరవాత పార్లమెంటులో ఎన్నో ప్రశ్నలు పడ్డాయి, పడాలి కూడా. నిరుద్యోగుల రాయితీ గురించి అంత గట్టిగా అడిగిన గొంతు నా చెవిన పడలేదు. దాన్ని తిరిగి తేవాలి, ప్రైవేటు ఉద్యోగాల ఇంటర్వ్యూలకూ వర్తింపజేయాలి. బస్సుల విషయంలో తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఆదిలాబాదు అమ్మాయి ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ బస్సులో ఛార్జీ లేకుండా హైదరాబాదు ఇంటర్వ్యూకు రాగలదు. ఈ పథకం మీద జరిగే వాదోపవాదాల్లో ఈ ప్రయోజనం ఎవరూ ప్రస్తావించరు, నాకు మాత్రం అది చాలా విలువైనదిగా తోస్తుంది. పలాస అమ్మాయికి ఆ దారి విజయవాడ దాటాక సరిహద్దు దగ్గర ఆగిపోతుంది.

జర్మనీలో దీనికి చట్టమే దన్నుగా ఉంది. అక్కడి పౌరస్మృతి 670వ సెక్షన్ ప్రకారం, ఒకరి పని మీద ఇంకొకరు వెళ్లి అవసరమైన ఖర్చు పెడితే పని అప్పగించినవాళ్లు దాన్ని తిరిగి ఇవ్వాలి. న్యాయస్థానాలు దీన్ని ఇంటర్వ్యూలకూ వర్తింపజేశాయి. పిలిచిన యజమాని, ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా, సహేతుకమైన ప్రయాణ ఖర్చు భరించాలి. ఇవ్వదలచుకోకపోతే ముందే స్పష్టంగా చెప్పాలి. చెబితే చాలు కదా, ఇక్కడా అదే చేస్తున్నారు కదా అనిపించవచ్చు. తేడా మౌనం దగ్గర ఉంది. ఏమీ మాట్లాడుకోకపోతే అక్కడ ఖర్చు పిలిచినవాడిది, మన ఆనవాయితీలో వచ్చినవాడిది.

గల్ఫ్ వెళ్లే మనవాళ్ల సంగతి కూడా ఈ సందర్భంలో మరవలేను. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు, డ్రైవర్లు ఇంటర్వ్యూలనీ ట్రేడ్ టెస్టులనీ ముంబయికి బస్సుల్లో వెళ్లి వస్తుంటారు. అక్కడ బస, తిండి, ఏజెంటు మళ్లీ రమ్మంటే మళ్లీ ప్రయాణం. విమానం ఎక్కకముందే అప్పు మొదలవుతుంది. నియామకానికి అయ్యే ఖర్చులు కార్మికుడి నెత్తిన వేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ సూత్రం. ఆ ఖర్చులంటే ఏమేమిటో 2019లో ప్రచురించిన నిర్వచనంలో, ఇంటర్వ్యూల కోసం దేశం లోపల చేసే ప్రయాణం, బస కూడా పేరుపెట్టి చేర్చింది. ఎడారిలో భవనాలు కట్టే మేస్త్రీకి వర్తించాలని ప్రపంచం ఒప్పుకున్న సూత్రం, హైదరాబాదులో కోడ్ రాసే పిల్లకూ, పాఠం చెప్పే పంతులుకూ ఎందుకు వర్తించకూడదు?

కొన్నిచోట్ల ఇంటర్వ్యూలే తీసేశారు. కేంద్రప్రభుత్వం 2016 జనవరి నుంచి గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి ఉద్యోగాలకు ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్ 1, గ్రూప్ 2లకు తీసేసింది. పక్షపాతం తగ్గించాలన్నది అక్కడి ఉద్దేశం, దాంతోపాటు వేలమందికి ప్రయాణాలూ తప్పాయి. కోవిడ్ తరవాత ప్రైవేటు రంగంలో వీడియో ఇంటర్వ్యూలు మామూలయ్యాయి. అవతల ఒకరి బదులు ఇంకొకరు మాట్లాడుతున్నారన్న అనుమానంతో చివరి రౌండుకు మళ్లీ రమ్మంటున్న సంస్థలూ ఉన్నాయి. ఆ అనుమానం న్యాయమైనదే. కానీ అనుమానం తీర్చుకోవాల్సింది సంస్థ అయినప్పుడు ఆ రైలు టికెట్ కూడా సంస్థదే కావాలి.

ఇక ఎప్పుడు ఇవ్వాలన్నది మిగిలింది. బిల్లు పెట్టుకుంటే తరవాత ఖాతాలో వేస్తాం అనే పద్ధతి, చేతిలో డబ్బున్నవాళ్లకు సాయం. లేనివాళ్లు అప్పటికే వడ్డీకి తెచ్చి ఉంటారు, లేదా బయల్దేరనే బయల్దేరరు. పెద్ద సంస్థల్లో మేనేజర్లకు విమాన టికెట్లు తీయడానికి ట్రావెల్ డెస్క్ అని ఒక విభాగం ఉంటుంది. అభ్యర్థి పేరు, వయసు, ఎక్కే స్టేషను పంపితే వాళ్లు ఆ సాయంత్రానికే స్లీపర్ టికెట్ తీసి ఫోనుకు పంపగలరు. తోడు మనిషి కావాల్సినవాళ్లకు రెండు టికెట్లు. పిలుపు పది రోజులు ముందు పంపితే చాలామందికి తత్కాల్ దాకా వెళ్లే అవసరమే రాదు, సంస్థకు ఖర్చూ తగ్గుతుంది. గేటు పక్కన కూర్చున్న తండ్రికి లోపల ఒక కుర్చీ వేయడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.